మేకలు దిగే దారిలోనే దిగండి: బెజవాడ, గుంటూరు గుట్టల మీద సైకిల్

బెజవాడలో మౌంటెన్ బైక్ కొన్న ప్రతివాడూ మొదటి నెల చేసే పని ఒకటే. బెంజ్ సర్కిల్ నుంచి బ్యారేజీ దాకా తారు రోడ్డు మీద తొక్కుతూ ఆ లావు టైర్లు చేసే గుర్రుమనే చప్పుడు విని మురిసిపోవడం. నేనూ అదే చేశాను. తర్వాత విసుగొచ్చి "మన దగ్గర ట్రైల్స్ ఎక్కడున్నాయి" అని వెతకడం మొదలుపెట్టాను. ఆ వెతుకులాటలో ఏడాది పోయింది కాబట్టి మీకు ఆ ఏడాది మిగిల్చుదామని ఇది రాస్తున్నాను.

బోర్డు పెట్టి, బాణం గుర్తులేసి, సైకిళ్ల కోసమే అని కొట్టిన దారి కోసం చూస్తూ కూర్చుంటే మన దగ్గర పని జరగదు. మనకున్నవి డొంకలు, కాలవ గట్లు, కరకట్ట, పొలాలకి ట్రాక్టర్లు పోయే గ్రావెల్ రోడ్లు, గుట్టల మీద మేకలు తొక్కీ తొక్కీ పడిన బాటలు. అన్నీ ఎవరో ఒకరు రోజూ పనికి వాడుకునే దారులే, ఆదివారం పొద్దున ఓ మూడు గంటలు మనం వాటిని అరువు తెచ్చుకుంటున్నాం. ఇది బుర్రలో ఉంటే సగం నేర్చుకున్నట్టే. ఎందుకంటే ఏ బాట మధ్యలో తెగిపోయిందో, ఎక్కడ ముళ్లకంప కొట్టి పడేశారో, బోరు నీళ్లు ఎక్కడ దొరుకుతాయో ఫోన్‌లో మ్యాప్‌కి తెలియదు, మేకలు కాసే పెద్దాయనకి తెలుసు. ఆగి, సైకిల్ దిగి, "పెద్దాయనా, ఈ దారి ఎటు పోద్ది" అని అడగండి. దిగకుండా అడిగితే జవాబు కూడా అంతంతమాత్రంగానే వస్తుంది.

సైకిల్ గురించి ఎక్కువ చెప్పను. ముందు మాత్రమే సస్పెన్షన్ ఉన్నది, అంటే హార్డ్‌టెయిల్, డిస్క్ బ్రేకులు, 27.5 లేదా 29 అంగుళాల చక్రాలు, వెనక పెద్ద పళ్లచక్రం కనీసం 42 పళ్లది. ఇది చాలు. చవకగా వస్తుంది కదా అని ముందూ వెనకా స్ప్రింగులున్న సైకిల్ మాత్రం కొనకండి. నేను మొదట కొన్నది అదే. షాపులో పిల్లాడు దాన్ని కిందికీ పైకీ నొక్కి చూపిస్తే పడిపోయాను. ఇంటికి తెచ్చి తూస్తే పద్దెనిమిది కిలోలు, తొక్కినప్పుడల్లా సగం బలం ఆ స్ప్రింగు మింగేది, మంగళగిరి కొండ దాకా వెళ్లేసరికే మోకాళ్లు పట్టేసేవి. హెల్మెట్, చేతి గ్లవ్స్ మాత్రం సైకిల్‌తో పాటే అదే రోజు కొనండి. పడితే ముందు నేలకి ఆనేది అరచేయే.

ఇక అసలు శత్రువు దగ్గరికి వద్దాం. అది కొండా కాదు, ఎండా కాదు. సర్కారు తుమ్మ.

కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఖాళీ జాగా అంటూ ఉంటే అక్కడ సర్కారు తుమ్మ ఉంటుంది. దాని ముల్లు టైర్లోకి దిగాక మొన విరిగి లోపలే ఉండిపోతుంది. మీరు ట్యూబు మార్చి, గాలి కొట్టి, హమ్మయ్య అనుకుని వంద గజాలు వెళ్లేలోపు కొత్త ట్యూబుకీ అదే మొన గుచ్చుకుంటుంది. అందుకే ట్యూబు తీశాక టైరు లోపలి వైపు ఒక చుట్టంతా తడిమి చూడాలి. వేలితో కాదు, చిన్న గుడ్డ ముక్కతో. ముల్లు మొన ఉన్నచోట గుడ్డ పట్టుకుంటుంది. దొరికితే బయటికి నెట్టి, గోళ్లతోనో పట్టకారుతోనో లాగెయ్యాలి. ఎండాకాలంలో అయితే పల్లేరు కాయలు కూడా తోడవుతాయి. అవి ఒకటీ రెండూ కాదు, ఒకేసారి ఏడెనిమిది అంటుకుంటాయి. అంటుకున్నాయని చూడగానే ఆగి పీకెయ్యకండి. ట్యూబు ఉన్న టైరైతే పీకిన మరుక్షణం బుస్సుమంటుంది. ఊరు దగ్గరలో ఉంటే అలాగే మెల్లగా పోనిచ్చి, నీడ చూసుకుని అప్పుడు పని మొదలుపెట్టండి.

మీ రిమ్మూ టైరూ ఒప్పుకుంటే ట్యూబ్‌లెస్‌కి మారిపోండి, లోపల సీలెంట్, అంటే చిల్లు పడగానే పూడ్చేసే జిగురు ద్రవం, పోయించండి, ముళ్ల గొడవ ముప్పావు వంతు తీరిపోతుంది. కాకపోతే మన వేడికి ఆ సీలెంట్ తొందరగా ఎండిపోతుంది. డబ్బా మీద ఆరు నెలలని రాసి ఉన్నా రెండు మూడు నెలలకోసారి చక్రాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూడండి, లోపల గలగలమనకపోతే మళ్లీ పోయాల్సిందే. ట్యూబుతోనే తొక్కేవాళ్లు ఒక ట్యూబు కాదు, రెండు పెట్టుకోండి. దాంతో పాటు ప్యాచ్‌లు, రెండు టైర్ లివర్లు, చిన్న పంపు. వాల్వు ఏ రకమో ఇంట్లోనే చూసుకోండి. సన్నగా, పైన చిన్న మర ఉన్నది ప్రెస్టా, పల్లెటూరి పంక్చర్ షాపులో దానికి గాలి పట్టదు. పది ఇరవై రూపాయల ఇత్తడి అడాప్టర్ ఒకటి జేబులో ఉంటే బైకుల పంపుతోనే కొట్టించుకోవచ్చు. అది లేక ఫిరంగిపురం దగ్గర మిట్టమధ్యాహ్నం సైకిల్ నడిపించుకుంటూ నాలుగు కిలోమీటర్లు వచ్చిన మనిషిగా చెబుతున్నాను.

గాలి ఎంత ఉండాలనేది కొత్తవాళ్లంతా తప్పు చేసేచోటు. టైరు రాయిలా ఉంటే బాగా వెళ్తుందనుకుంటారు. తారు మీద నిజమే. గ్రావెల్ మీద రాయిలాంటి టైరు ప్రతి గులకరాయి మీదా ఎగురుతుంది, పట్టు ఉండదు. డెబ్బై కిలోల మనిషికి, 2.2 అంగుళాల టైరుకి, ట్యూబు ఉంటే 28 నుంచి 32 పీఎస్ఐ, ట్యూబ్‌లెస్ అయితే 22 నుంచి 26. బొటనవేలితో గట్టిగా నొక్కితే కాస్త లోపలికి పోవాలి. మరీ తగ్గిస్తే రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. అలా జంట చిల్లులు కనబడితే అది ముల్లు పని కాదు, గాలి తక్కువైందని అర్థం.

ఎక్కడ మొదలెట్టాలి? కొండ మీద కాదు. బ్యారేజీ దాటి ఉండవల్లి వైపు రండి. నాలుగంతస్తుల గుహాలయం దాటాక పెనుమాక, ఎర్రబాలెం వైపు అరటి తోటల మధ్య, పూల తోటల మధ్య డొంకలున్నాయి. రెండు వైపులా ట్రాక్టర్ చక్రాల గాడి, మధ్యలో గడ్డి మిట్ట, అక్కడక్కడా వాన కోసిన గండ్లు. ఒక గాడిలోంచి ఇంకో గాడిలోకి మారడం, గండిని అడ్డంగా సూటిగా దాటడం, మెత్తటి మట్టిలో హ్యాండిల్ వదులుగా పట్టుకోవడం ఇవన్నీ ఇక్కడే వస్తాయి, పడినా మెత్తగా పడతారు. కరకట్ట రోడ్డు మీద మాత్రం రాజధాని పనుల టిప్పర్లు తిరుగుతుంటాయి, తెల్లవారుజామున తప్ప దాని మీద మోజు వద్దు. వెనక లైటు లేకుండా అసలొద్దు.

రెండో మెట్టు ఘాట్ రోడ్లు. దారి నున్నగానే ఉంటుంది, కానీ ఎక్కడమంటే ఏమిటో ఊపిరితిత్తులకి తెలిసొస్తుంది. గుంటూరు వాళ్లకి కొండవీడు దగ్గర, పాతిక కిలోమీటర్ల పైచిలుకు. రెడ్డి రాజుల రాజధాని, 1515లో కృష్ణదేవరాయలు గెలుచుకున్న కోట, పైదాకా మెలికలు తిరిగిన ఘాట్ రోడ్డు, పైన చెరువులు, చలికాలం మొదట్లో వెళ్తే సీతాఫలాలు. గేటు వేళలు, టికెట్ సంగతి ముందే కనుక్కుని బయల్దేరండి. నరసరావుపేట వైపు వాళ్లకి కోటప్పకొండ ఉంది. ఏ వైపు నుంచి చూసినా మూడు శిఖరాలు కనిపిస్తాయంటారు, ఎక్కేటప్పుడు మాత్రం మూడూ కలిసి ఒకేసారి మీద పడ్డట్టుంటుంది. శివరాత్రి రోజుల్లో అటు పోకండి, ప్రభల మధ్య సైకిల్‌కి చోటుండదు. మంగళగిరిలో పై గుడి దాకా రోడ్డుంది గానీ భక్తుల రద్దీ ఎక్కువ, అక్కడ నాకు నచ్చేది తొక్కడం కాదు, పానకం. బెల్లం, మిరియం, యాలక్కాయ. ఆరు నెలలు రకరకాల ఎనర్జీ పొడులు నీళ్లలో కలుపుకుని తాగాక ఈ పానకం విలువ తెలిసింది.

మూడో మెట్టు అసలైన గుట్టలు. అంటే కొండపల్లి, మూలపాడు వైపు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఆ కొండల్లో చాలా భాగం రిజర్వు ఫారెస్టు. 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం అనుమతి లేకుండా రిజర్వు ఫారెస్టులోకి పోవడం నేరం, "మేం సైక్లిస్టులం సార్" అంటే చెల్లదు. కాబట్టి ముందు రోజే ఫారెస్టు వాళ్లని కలిసి, ఏ బాటలోకి పోనిస్తారో, సైకిల్‌కి ఒప్పుకుంటారో అడిగి తెలుసుకోండి. వద్దంటే వద్దు, ఖిల్లా దాకా ఉన్న రోడ్డు తొక్కుకుని, కోట చూసి, కింద బొమ్మల కాలనీలో టీ తాగి వచ్చెయ్యండి. బొమ్మలు చెక్కే తెల్లపొణికి చెట్టు పెరిగేది ఈ కొండల్లోనే. కొత్త బాట కోసం మొక్కలు నరకడం, రాళ్లు దొర్లించి జంపులు కట్టడం లాంటి పనులు చెయ్యకండి. ఉన్న బాట చాలు.

ఎక్కడం చెప్తాను. ఎత్తు మొదలవ్వకముందే చిన్న గేరుకి మారాలి. మధ్యలో, బలమంతా పెట్టి తొక్కుతున్నప్పుడు మారిస్తే చైన్ కటకటమంటుంది, తెగినా ఆశ్చర్యం లేదు. సీటు మీదే కూర్చోండి. సినిమాలో లాగా లేచి నిలబడితే వెనక చక్రం మీద బరువు తగ్గి గ్రావెల్‌లో గిర్రున తిరుగుతుంది తప్ప ముందుకు పోదు. సీటు ముందు కొసకి జరిగి, గడ్డం హ్యాండిల్ వైపు దించి, మోచేతులు కిందికి వంచి, నిదానంగా. ఆగిపోతే ఆగిపోండి. దిగి నడిపించుకోవడంలో సిగ్గేం లేదు, నేనిప్పటికీ మూలపాడులో రెండు చోట్ల దిగుతాను.

దిగడం మాత్రం వేరే సంగతి. పళ్లు రాలేది అక్కడే. కొండపల్లి దగ్గర నా మోచేతి మచ్చ కథ ఏమిటంటే, ఎర్రమట్టి మీద గోళీల్లాంటి గులకరాళ్లు, చిన్న వంపు, నాకు భయమేసి కుడి చేత్తో ముందు బ్రేకు గట్టిగా నొక్కాను. ముందు చక్రం పక్కకి జారింది, నేను దాని వెనకాలే. లేచి దులుపుకుంటుంటే పైన బండ మీద కూర్చున్న మేకలాయన అడిగాడు: "ఏందయ్యా, మా మేకలే ఆ పక్కకి పోవు, నువ్వు సైకిలేసుకుని దిగుతన్నావా?" తర్వాత చూస్తే మేకలు దిగే బాట పది అడుగుల అవతల, గట్టి నేల మీద, మెలికలు తిరుగుతూ ఉంది. అప్పటినుంచి నాది ఒకటే పద్ధతి, కొత్త చోట దిగేముందు గిట్టల గుర్తులు, పెంటికలు ఎటు పడి ఉన్నాయో చూస్తాను. నాలుగు కాళ్ల జీవి జారకుండా రోజూ దిగే దారి కంటే మంచి దారి మనకి తట్టదు.

పద్ధతి ఇది. దిగేముందు సీటు రెండు మూడు అంగుళాలు కిందికి దించండి. రెండు పెడల్సూ నేలకి సమంగా ఒకే ఎత్తులో పెట్టి వాటి మీద నిలబడండి, కూర్చోవద్దు. మోకాళ్లు, మోచేతులు వంచి ఉంచాలి, కర్రలా బిగిస్తే ప్రతి రాయి దెబ్బా నడుముకి తగులుతుంది. వాలు ఎక్కువయ్యేకొద్దీ నడుము వెనక్కి పోవాలి. రెండు బ్రేకుల మీదా ఒక్కో వేలే, చూపుడువేలు. మన సైకిళ్లకి మామూలుగా కుడి చేతి బ్రేకు ముందు చక్రానిది, కొన్నింటికి తిరగేసి ఉంటుంది, ఇంటి దగ్గరే చూసుకోండి. ఆపే బలం ఎక్కువ ముందు బ్రేకులోనే ఉంటుంది కాబట్టి దాన్ని వదిలెయ్యకూడదు, అలాగని ఒక్కసారిగా నొక్కకూడదు, నిమ్మకాయ పిండినట్టు మెల్లగా పెంచుకుంటూ పోవాలి. ముఖ్యంగా వంపు రాకముందే వేగం తగ్గించుకోవాలి, వంపులో కాదు. కళ్లు చక్రం కింద ఉన్న రాయి మీద కాదు, ఇరవై అడుగుల ముందు ఉండాలి. రాయిని చూస్తూ ఉంటే సైకిల్ ఆ రాయి మీదికే పోతుంది, ఎందుకో గానీ ఇది అందరికీ జరుగుతుంది. కొండవీడు లాంటి పొడుగు ఘాట్ దిగేటప్పుడు బ్రేకు అదేపనిగా పట్టి ఉంచకండి. పట్టి, వదిలి, పట్టి, వదిలి. లేకపోతే డిస్కు వేడెక్కి బ్రేకు పట్టు తప్పుతుంది. కింద ఆగాక ఆ డిస్కుని వేలితో ముట్టుకుని చూడాలన్న సరదా కూడా వద్దు.

నేల సంగతి. గుట్టల దగ్గర ఎర్రమట్టి, గ్రావెల్, వాన వెలిసిన మర్నాడే తొక్కొచ్చు, నిజానికి కాస్త తడి ఉంటే పట్టు ఇంకా బాగుంటుంది. గుంటూరు వైపు నల్లరేగడి అలా కాదు. వాన పడ్డాక నల్లరేగడి డొంకలోకి వెళ్తే పది గజాల్లో చక్రం తిరగడం ఆగిపోతుంది, ఫ్రేముకీ టైరుకీ మధ్య మట్టి సిమెంటులా పట్టేస్తుంది, సైకిల్‌ని భుజాన వేసుకుని రావడమే. పైగా తడి డొంకలో మనం చేసిన గాళ్లు ఎండాక రాయిలా బిగుసుకుని రైతు బండికి అడ్డం. వాన వెలిశాక మూడు నాలుగు ఎండలు కాసేదాకా అటు పోకండి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఇంకొకటి, మిర్చి కల్లాలు. దారి పక్కన, ఒక్కోసారి దారిలోనే ఎర్రగా ఆరబోసి ఉంటాయి. చక్రం వాటి మీద పోనిస్తే మనిషికి కోపం రావడం న్యాయం, మనకి దగ్గు రావడం ఖాయం. దిగి, చుట్టూ తిరిగి వెళ్లండి. ఆ ఘాటులో గట్టిగా ఊపిరి తీస్తూ తొక్కడం నేను ఒక్కసారే చేశాను.

కాలం, నవంబరు నుంచి ఫిబ్రవరి. తుపాను హెచ్చరిక ఉన్న వారం తప్ప. ఎండాకాలంలో కూడా తొక్కుతామంటే అయిదింటికల్లా చక్రం కదలాలి, ఎనిమిదింటికి ఇంట్లో ఉండాలి. రోహిణి కార్తెలో అయితే అసలు మానెయ్యండి, రోళ్లు పగిలే ఎండలో మనమెంత. ఎండ డిగ్రీలే చూసి మోసపోకండి, సముద్రం డెబ్బై కిలోమీటర్ల దూరంలోనే ఉంది, గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, ఒంటి వేడి దిగదు. గంటకి ముప్పావు లీటరు నీళ్లు లెక్కేసుకోండి, అందులో ఒక సీసాలో నిమ్మకాయ, ఉప్పు, పంచదార. తినడానికి రెండు అరటిపళ్లు, పల్లీపట్టి. తల తిరుగుతున్నా, చెమట ఆగిపోయి ఒళ్లు కాలుతున్నా ఇంకో కిలోమీటరే కదా అనుకోకుండా నీడలో పడుకుని తల మీద నీళ్లు పోసుకుని 108కి ఫోన్ చెయ్యండి.

ఒంటరిగా వెళ్లొద్దు, వెళ్తే ఎటు పోతున్నారో ఇంట్లో చెప్పి వెళ్లండి. గుట్టల వెనక సిగ్నల్ ఉండదు. గట్ల మీద, రాళ్ల సందుల్లో రక్తపింజరి, నాగుపాము, కట్లపాము ఉంటాయి, టైరు మార్చుకుంటూ గడ్డిలో చెయ్యి పెట్టేముందు కర్రతో తట్టండి. ఖర్మ కాలి కాటేస్తే తాడు కట్టడాలు, బ్లేడుతో కోయడాలు, నాటు మందులు ఏవీ వద్దు, కాలు కదల్చకుండా ఉంచి మందు ఉన్న ప్రభుత్వాసుపత్రికి చేరడమే. నిజానికి పాము కంటే ఎక్కువగా ఎదురయ్యేది ఊరకుక్క. వేగం పెంచి తప్పించుకోవాలని చూస్తే ఇంకా తరుముతుంది. ఆగి, దిగి, సైకిల్‌ని మధ్యలో అడ్డం పెట్టుకుని నడవండి, వంద అడుగుల్లో దానికే విసుగొస్తుంది.

సముద్రం గాలి కావాలంటే సైకిల్ కారెక్కించి బాపట్ల దగ్గర సూర్యలంక పోవచ్చు. గుట్టలుండవు, ఇసుకే. టైర్లలో గాలి బాగా తగ్గించి, నీళ్లకి దగ్గరగా గట్టిపడిన తడి ఇసుక మీదే తొక్కాలి, పొడి ఇసుకలో హ్యాండిల్ తిప్పారంటే కూలబడతారు. సరదా ఒక పూటే, ఆ ఉప్పు మాత్రం చైన్‌ని వారంలో తినేస్తుంది, ఇంటికి రాగానే మంచినీళ్లతో కడిగి, గుడ్డతో తుడిచి, ఆరాక ఆయిల్ వెయ్యాల్సిందే.

కొండ నుంచి వచ్చినా అంతే, ఎంత అలసిపోయినా స్నానం మీకంటే ముందు సైకిల్‌కి. మోటారు పైపు నీళ్లు బేరింగుల మీద కొట్టకండి, బకెట్టూ గుడ్డా చాలు. చక్రాలు మెల్లగా తిప్పుతూ టైరు మీద కళ్లు పెట్టి చూడండి. కనబడీ కనబడకుండా ఒక ముల్లు ఉంటుంది. వదిలేస్తే మళ్లీ ఆదివారం తెల్లవారుజామున, లైట్లు పెట్టుకుని, సీసాలు నింపుకుని, చెప్పులేసుకుంటున్న స్నేహితుడికి "కిందకొచ్చెయ్, నేను రెడీ" అని ఫోన్ చేసి లిఫ్టు దిగేసరికి వెనక టైరు చప్పగా నేలకి అతుక్కుని ఉంటుంది.